నారింజ రంగు వైరు

తలుపు కింది సందులోంచి పొగ కారిడార్‌లోకి వచ్చేస్తోంది. చిన్నకోడలు రెండు చేతులతోనూ తలుపు బాదుతోంది.

"మామయ్యగారూ! తలుపు తియ్యండి! మామయ్యగారూ!"

లోపల ఎవరో దగ్గారు. ఆ తరవాత దగ్గు కూడా వినిపించలేదు. అత్తగారు తాళం కార్డు కోసం చేతిసంచీ వెతుకుతూ, ఉన్న సామానంతా నేలమీద పోసేసింది. నెత్తిమీద గంట చెవులు చిల్లులు పడేలా మోగుతోంది. అంతలో ముసుగులు తగిలించుకున్న ఓడ సిబ్బంది పరుగున వచ్చారు. చిన్నకోడల్ని భుజం పట్టి పక్కకి లాగేసి, తమ తాళంతో తలుపు తీసి, పొగలోకి దూరిపోయారు.

మామగారిని దుప్పట్లో మోసుకొచ్చారు. మొహానికి ఇంకా గొట్టం తగిలించే ఉంది. నిద్రలో ఊపిరి ఆగిపోకుండా ఆయన పెట్టుకునే మిషను గొట్టం అది. రెండోవైపు కాలి ముడుచుకుపోయి వేలాడుతోంది.

"బతికే ఉన్నారమ్మా, అడ్డు లేవండి!" అని అరిచాడు మోసేవాళ్ళలో ఒకడు.

అత్తగారు గోడకి చేరగిలబడింది. చిన్నకోడలు ఆవిడని పట్టుకోబోయింది. అత్తగారు చెయ్యి విదిలించుకుంది. ఆ కంగారులో చిన్నకోడలు దాన్ని పట్టించుకోలేదు. కాసేపట్లోనే పట్టించుకోవాల్సి వచ్చింది.

నిజానికి మంట పెద్దది కాదు. తలవైపు పరుపు మూల, దాని వెనకున్న కర్టెన్ కాలాయి. మిగతాదంతా పొగే. ఛాతీలోకి పొగ పోయింది గాని ప్రాణానికి భయం లేదని ఓడ డాక్టరు చెప్పాడు. హమ్మయ్య అనుకునే లోపల కుటుంబాన్నంతటినీ కింది అంతస్తులో ఒక చిన్న గదికి పిలిపించారు. కిటికీ లేని గది. బల్లమీద స్టీలు పళ్ళెం, అందులో సగం కరిగిపోయిన తెల్లటి ఎక్స్‌టెన్షన్ బోర్డు. కాలిన ప్లాస్టిక్ వాసన గొంతులో గుచ్చుకుంటోంది.

బల్లకి అవతల ఓడ సేఫ్టీ ఆఫీసరు కూర్చుంది. పొట్టి జుట్టు, గట్టి గొంతు. ఎక్కిన రోజు లైఫ్‌జాకెట్లు వేసుకోవడం నేర్పుతూ అందరి చెవుల్లోనూ ఈల ఊదింది కాబట్టి, చిన్నకోడలి కూతురు ఆవిడకి విజిల్ మేడమ్ అని పేరు పెట్టింది.

"ఇది ఎవరిది?" అంది విజిల్ మేడమ్.

అందరికన్నా ముందు బావగారు గొంతు సవరించుకున్నాడు. ఆయనకి ఇంట్లో గ్యారంటీ బావగారని పేరు. ఏ వస్తువు కొన్నా గ్యారంటీ కార్డు చూడందే ఇంట్లోకి రానివ్వడు. ఏ మాట చెప్పినా గ్యారంటీగా చెబుతాడు.

"ఎవరిదని అడుగుతారేమిటండీ? ఓడ ఎక్కేటప్పుడు ఇస్త్రీపెట్టెతో దొరికింది ఎవరు? లైన్లో ఉన్నవాళ్ళంతా చూశారుగా!"

చిన్నకోడలి చెవులు వేడెక్కాయి. నిజమే, దొరికింది. ఆమె బట్టలు కుట్టే మనిషి. ముడతలు చూస్తే ఆమెకి నిద్ర పట్టదు. అరచేతిలో పట్టేంత ఇస్త్రీపెట్టె చీరల మధ్య పెట్టుకొచ్చింది. సామాను తనిఖీలో అది తెరమీద నల్లగా కనబడింది. తీసుకుని, దిగేటప్పుడు ఇస్తామన్నారు. అక్కడితో అయిపోయిందనుకుంది.

"ఇస్త్రీపెట్టె నాదే బావగారూ. ఇది నాది కాదు."

"ఒక దొంగసరుకు తెచ్చినవాళ్ళు రెండోది తేరా?"

"మీ నాన్నగారి మిషను సంచీ ఎవరు మోశారు?" అని విజిల్ మేడమ్ మధ్యలో అడ్డం పడింది. "వైద్యానికి సంబంధించిన సామాను గనక మావాళ్ళు దాన్ని పైపైన చూసి వదిలేశారు. తప్పు మాదీ ఉంది. ఈ బోర్డు అందులోనే వచ్చుండాలి. వేరే దారి లేదు."

"నేనే మోశాను" అంది చిన్నకోడలు, మెల్లిగా.

"మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ గదిలోకి ఆఖరున వెళ్ళిందెవరు?"

"నేనే. అత్తయ్యగారు కళ్ళజోడు తెమ్మంటే వెళ్ళాను. మామయ్యగారు నిద్రపోతున్నారు. కళ్ళజోడు తీసుకుని వచ్చేశాను, అంతే."

"అంతేనా అమ్మాయ్?" అంది అత్తగారు. ఆ మాటలో కోపం లేదు. కోపమే ఉంటే బాగుండేదనిపించింది చిన్నకోడలికి.

ఆమె భర్తకేసి చూసింది. ఆయన పెళ్ళిళ్ళకీ సభలకీ మైకుసెట్టు పెడతాడు. ఊరంతటికీ గొంతు అరువిచ్చే మనిషికి ఇంట్లో నోరు లేదని బావగారు పదిమందిలోనూ ఎగతాళి చేస్తుంటాడు, మైకు అనే పిలుస్తాడు. ఆ మైకు ఇప్పుడు బల్ల కాలిమీద గీతలు చూసుకుంటున్నాడు.

విజిల్ మేడమ్ పళ్ళేన్ని ముందుకు జరిపింది.

"దీని గురించి మీకో మాట చెప్పాలి. ఇది మామూలు బోర్డు కాదు. స్పైక్ గార్డున్న బోర్డు. కరెంటు ఒక్కసారిగా ఎగిస్తే వస్తువులు పాడవకుండా కాపాడుతుంది. మీ ఇంట్లో అయితే మంచిదే. నేల మీద కరెంటులో రెండు తీగల్లో ఒకటి భూమికి కట్టి ఉంటుంది. ఓడలో రెండూ దేనికీ కట్టి ఉండవు. ఇక్కడ ఏ మూలో చిన్న కరెంటు లీకేజీ వచ్చిందంటే, ఇందులో రక్షణకని పెట్టిన ముక్క మీదే భారమంతా పడుతుంది. అది లోపల్లోపలే కాగుతుంది. కాగి కాగి అంటుకుంటుంది. అందుకే వీటిని ఓడ ఎక్కనివ్వం. తెలియనివాళ్ళు దీన్ని తేరు. బాగా జాగ్రత్తపరులే తెస్తారు."

'జాగ్రత్తపరులు' అన్న మాట దగ్గర చిన్నకోడలు బావగారివైపు చూడకుండా ఉండలేకపోయింది. ఆయన జేబురుమాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. గదిలో ఏసీ చలికి మిగతావాళ్ళు చేతులు కట్టుకుని ఉన్నారు.

"సాయంత్రం రేవు చేరుతున్నాం" అంది విజిల్ మేడమ్. "ఇది తెచ్చిన మనిషి అక్కడ దిగిపోవాలి. కెప్టెన్ నిర్ణయం. ఎవరూ ఒప్పుకోకపోతే, ఉన్న ఆనవాళ్ళని బట్టి మేమే తేల్చుకుంటాం."

ఆనవాళ్ళన్నీ ఎటు చూపిస్తున్నాయో విడమర్చి చెప్పక్కర్లేదు. ముక్కూమొహం తెలియని రేవులో, చిన్నపిల్లని చంకనేసుకుని, అత్తింటివాళ్ళని తగలబెట్టబోయిన కోడలిగా దిగడం. చిన్నకోడలికి కాళ్ళకింద నేల కదిలింది. ఈసారి అది ఓడ ఊపు కాదు.

మిగతావాళ్ళు లేచి వెళ్ళారు. ఆమె మాత్రం గుమ్మం దగ్గర ఆగిపోయింది.

"మేడమ్, మావారు నిన్న మిషను పెట్టడానికి వెళ్ళి వచ్చి, ఓడవాళ్ళే ఏదో వైరిచ్చారన్నారు. అది కూడా కాలిపోయిందా?"

విజిల్ మేడమ్ మొదటిసారి ఆమె కళ్ళలోకి చూసింది.

"మంచం దగ్గర సాకెట్ లేని గదుల్లో ఇలాంటి మిషన్లున్నవాళ్ళకి మేమే వైరిస్తాం. అందులో గార్డులూ గీర్డులూ ఉండవు. నారింజ రంగులో ఉంటుంది. మా ఎలక్ట్రీషియన్ పరీక్ష చేసి మరీ తగిలించి వెళ్ళాడు. ఆ వైరు గదిలో లేదు. కాలిన ముక్క కూడా లేదు. ఎవరో అది పీకి, దీన్ని పెట్టారు. ఆ వైరు దొరికిన చోట మనిషీ దొరుకుతాడు."

"వెతకనా?"

"మీరే వెతికితే, మీరే దాచారంటారు. నా పనివాళ్ళు వెతుకుతారు. కానీ కళ్ళు మూసుకు తిరగమని నేను చెప్పలేదు."

చిన్నకోడలు కళ్ళు తెరుచుకునే తిరిగింది. తిన్నగా బావగారి గదికే వెళ్ళింది. తట్టగానే తలుపు తెరుచుకోలేదు. లోపల గబగబా అడుగులు, ఏదో దబ్బున మూసిన చప్పుడు, ఆ తరవాత తోడికోడలి గొంతు.

"ఎవరూ?"

"నేనక్కా."

తలుపు ఓరగా తెరుచుకుంది. తోడికోడలి మొహం కందగడ్డలా ఉంది.

"ఏమిటమ్మా? నాకు తలనొప్పి. పడుకున్నాను."

"పడుకున్నదానివి చెప్పులేసుకుని పడుకున్నావా అక్కా?"

"నువ్వు నన్ను అడిగేదానివయ్యావా? ఇంకాసేపట్లో దిగిపోయేదానివి, పోయి పెట్టె సర్దుకో!"

చిన్నకోడలు తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. పెళ్ళయ్యాక తోడికోడలి ముందు ఇంత ధైర్యం చెయ్యడం ఇదే మొదలు. మంచం కింద చూసింది. కర్టెన్ వెనక చూసింది. స్నానాలగదిలో తలుపు చాటున బట్టల బుట్ట ఉంది, పైన తువ్వాలు కప్పి. తోడికోడలు అడ్డం వచ్చింది.

"అది ముట్టుకోకు!"

"ఎందుకు?"

"లోపలి బట్టలు."

"లోపలి బట్టలకి పిడి ఉంటుందా అక్కా?"

తువ్వాలు లాగింది. బుట్టలో ఉన్నది నారింజ రంగు వైరు కాదు. కరెంటు కెటిల్. ఇంకా వేడిగా ఉంది. పక్కన టీపొడి డబ్బా.

తోడికోడలు మంచం అంచున కూలబడి ఏడుపు మొదలుపెట్టింది.

"మీ బావగారికి ఓడ టీ పడదే. కాళ్ళు కడిగిన నీళ్ళలా ఉందిట. పిల్లల బూట్ల మధ్య కుక్కి తెచ్చాను. పొగొచ్చినప్పటి నుంచీ ఆయనకి చెమటలే. మన గదీ వెతుకుతారేమో, మనమే దిగాలేమోనని. అందుకే ముందు నీమీద అరిచారు. నువ్వు చెప్పకమ్మా. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"కాళ్ళు వద్దులే అక్కా. మళ్ళీ తగిలించకు, అంతే."

కారిడార్‌లోకి వచ్చేసరికి ఆమెకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తన పరువు తీసిన బావగారి రహస్యం ఒక గ్లాసు టీ. అది కూడా గ్యారంటీ లేని టీ. మరి ఆయన కాకపోతే ఎవరు? అత్తగారికి మిక్సీ మీట కూడా భయమే. మామగారు తన మిషను తనే పెట్టుకోలేరు. పనివాళ్ళకేం పట్టింది?

ఇంకొక్క మనిషి మిగిలాడు. ఆ ఆలోచన దగ్గరికి రాగానే ఆమె మనసు పక్కకి తప్పుకుంది. నోట్లో నాలుక లేని మనిషిని అనుమానించడానికి ప్రాణం ఎలా ఒప్పుతుంది?

తన గదికి వెళ్ళి పెట్టె కిందికి దించింది. దిగాల్సే వస్తే ఆఖరి నిమిషంలో తోసుకుంటూ సర్దుకోవడం ఇష్టం లేదు. పాప బట్టలు మడతపెట్టింది. తన చీరలు పెట్టింది. ఆయన బట్టలు వేరు చేసి పక్కన పెడుతుంటే, అల్మరా పైఅరలో లైఫ్‌జాకెట్ల వెనక చెయ్యి మెత్తటి దేనికో తగిలింది. లాగింది.

నారింజ రంగు వైరు.

ఎవరో తెచ్చి ఇక్కడ పడేశారా? తనని ఇరికించడానికా? ఒక్క క్షణం అలాగే ఆశపడింది. తరవాత వైరు చుట్టిన తీరు చూసింది. ఒక చుట్ట ఇటు, ఒక చుట్ట అటు, మెలిక పడకుండా తిప్పి, మధ్యలో నల్లటి బట్ట టేపుతో బిగించి ఉంది. వైరు చుట్టమంటే మామూలు మనుషులు మోచేతికి చుడతారు. ఇలా చుట్టేవాళ్ళు మైకుసెట్టువాళ్ళు. పెళ్ళయిన కొత్తలో ఆయన నేలమీద కూర్చోబెట్టి తనకి ఇది నేర్పించాడు. "ఇలా చుడితే వైరు పదేళ్ళయినా చెడదు" అని మురిసిపోతూ చెప్పాడు. వాళ్ళిద్దరూ ఎక్కువసేపు నవ్వుకున్న సాయంత్రం అదే.

తలుపు చప్పుడైంది. ఆయనే.

చేతిలో వైరు చూశాడు. పారిపోలేదు, బుకాయించలేదు. తలుపు మూసి, దానికే ఆనుకున్నాడు.

"పారేద్దామనుకున్నాను" అన్నాడు. "కుదరలేదు."

"మీరేనా?"

"నాన్నకోసమే చేశాను. ఒట్టు. కరెంటు ఎగిసి నా ఆంప్లిఫయర్లు ఎన్ని పేలిపోయాయో నీకు తెలీదూ? గార్డు లేని వైరుకి నాన్న ఊపిరి తగిలించాలంటే నాకు చేతులాడలేదు. వీళ్ళిచ్చింది ఉత్త తీగ. నాది మంచి బోర్డు. షాపులో దొరికే వాటిలో అన్నిటికన్నా మంచిది."

"తెలియక చేశారు. సరే. మరి సంచీ నాచేత ఎందుకు మోయించారు?"

"ఆడవాళ్ళ దగ్గర అంత వెతకరని."

"కింద గదిలో నన్ను నలుగురూ పీక్కుతింటుంటే ఎందుకు మాట్లాడలేదు?"

"అన్నయ్య ఉన్నాడుగా."

"ఉంటే?"

"నీకేం తెలుసు! చిన్నప్పట్నించీ మాటలు పడుతున్నాను. తీగలు కలపడం తప్ప వీడికేం వచ్చు అంటాడు. ఇప్పుడు ఆ తీగలతోనే నాన్నని చంపబోయానని తెలిస్తే చచ్చేదాకా వదలడు. నువ్వంటే ఎలాగూ ఇస్త్రీపెట్టెతో ఒకసారి దొరికావు. ఒకసారి మాటపడ్డాక ఇంకోసారికి పెద్ద తేడా ఏముంటుంది చెప్పు? నువ్వు దిగు. నేను నాన్న కోలుకోగానే వచ్చేస్తాను. ఓ నెల పోతే అందరూ మర్చిపోతారు."

ఎంత తేలిగ్గా అన్నాడు! గుడ్డ మీద సుద్దముక్కతో గీతలు గీసి, ఎక్కడ కత్తిరించాలో చూపించినట్టు. ఆ గీతకి అవతల పడ్డ ముక్క తనూ, పాపా.

"మామయ్యగారు మళ్ళీ నా చేత్తో మంచినీళ్ళు తాగుతారా?"

"మెల్లిగా నేను సర్దిచెబుతాలే."

"మీరా? మీరు సర్దిచెబుతారా?"

ఆయన తల వంచుకున్నాడు. ఆమెకి ఆ వంచిన తలమీద జాలి కలిగింది. ఆమెకి భయం వేసింది దానికే. ఇంకాసేపు ఇక్కడే నిలబడితే ఆ జాలి తనని రేవులో దింపేస్తుంది.

"మీరే చెప్పండి" అంది. "మేడమ్ పిలిచేదాకా టైముంది. మీ నోటితో మీరు చెబితే, మీతోపాటు నేనూ దిగుతాను. అక్కడ ఏమైనా పడదాం."

ఓడ వేగం తగ్గుతున్నట్టు నేల కిందినించి తెలుస్తోంది. పిలుపొచ్చింది. మళ్ళీ అదే కిటికీ లేని గది. ఈసారి మామగారు కూడా ఉన్నారు, చక్రాల కుర్చీలో, దుప్పటి కప్పుకుని. చిన్నకోడలు అలవాటుగా జారిపోయిన దుప్పటి సరిచెయ్యబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"వద్దమ్మా. పెద్దకోడలు చూసుకుంటుంది."

పాప నాయనమ్మ ఒడిలోంచి దిగి వచ్చి అమ్మ కొంగు పట్టుకుంది.

"అమ్మా, తాతయ్య పక్కకి నిప్పు నువ్వే పెట్టావా?"

"ఎవరన్నారు?"

"అందరూ." పాప గొంతు తగ్గించింది. "నేను ఎవరికీ చెప్పనులే."

చిన్నకోడలు వంగి పాప మొహం చూసింది. పిల్ల ఏడవడం లేదు. అమ్మ తప్పు దాచిపెట్టడానికి పెద్దదానిలా పెదాలు బిగించుకుని నిలబడింది. ఓ నెల పోతే అందరూ మర్చిపోతారన్నాడు ఆయన. ఈ పెదాలు మర్చిపోవు.

"ఆఖరుసారి అడుగుతున్నాను" అంది విజిల్ మేడమ్. "ఎవరైనా చెప్పేదుందా?"

బావగారు నోరు తెరవబోయాడు. తోడికోడలు ఆయన చొక్కా పట్టి వెనక్కి లాగింది. ఆయన విచిత్రంగా చూసి, చొక్కా విడిపించుకోకుండానే ఊరుకున్నాడు.

చిన్నకోడలు భర్తవైపు తిరిగింది. చూస్తూ ఉంది. ఆయన పెదాలు కదిలాయి. ఒక్క మాట, ఒక్క దగ్గు వచ్చినా చాలు, మిగతాది తను అందుకునేది. ఆయన కళ్ళు అన్నగారి మీదికి వెళ్ళి, అక్కడినించి నేలమీదికి జారిపోయాయి.

ఆమె చేతిసంచీ తెరిచి నారింజ రంగు వైరు తీసి, చుట్ట విప్పకుండా, టేపు ఊడదీయకుండా, కాలిన బోర్డు పక్కన పళ్ళెంలో పెట్టింది.

"చూశారా, దాని దగ్గరే ఉంది!" అన్నాడు బావగారు, చొక్కా సంగతి మర్చిపోయి.

విజిల్ మేడమ్ చేత్తో ఆయన్ని ఆపింది. "ఎక్కడ దొరికింది?"

"మా గదిలో. లైఫ్‌జాకెట్ల వెనక."

"ఎవరు పెట్టారు?"

పాప కొంగు వదల్లేదు. మామగారు కుర్చీలో కొంచెం ముందుకి వంగారు. భర్త తలెత్తాడు. ఆ కళ్ళలో వద్దు అన్న మాట బల్లమీద పెట్టినంత స్పష్టంగా ఉంది.

"ఆ బోర్డు కొన్నదీ, సంచీలో పెట్టి నాచేత మోయించిందీ, ఈ వైరు పీకి దాన్ని తగిలించిందీ, తరవాత దీన్ని దాచిందీ ఒక్కరే మేడమ్" అంది చిన్నకోడలు. వేలు చూపించలేదు. "మా ఆయన."